నమ్మకద్రోహం తర్వాత ప్రేమ: ఫాంటసీ రొమాన్స్‌కి రెండో భాగం రాయడం ఎలా?

మొదటి భాగం చివర్లో హీరో ద్రోహం చేశాడు. కోట కూలింది. నాయిక అతన్ని ఇక జన్మలో చూడనంది. పాఠకులు "తర్వాత ఏమైంది?" అని అడుగుతున్నారు. ఫాంటసీ రొమాన్స్ రాసేవాళ్ళు చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు. ఇద్దరిని ప్రేమలో పడేయడం ఒక ఎత్తు, విరిగిన ప్రేమని మళ్ళీ అతికించడం ఇంకో ఎత్తు. పైగా మధ్యలో రెండు రాజ్యాల యుద్ధం జరుగుతూనే ఉండాలి.

నేను ఇలాంటి రెండో భాగాన్ని మూడుసార్లు తిరగరాశాను. మొదటి డ్రాఫ్ట్‌లో ఐదో అధ్యాయానికే హీరో మోకాళ్ళ మీద కూర్చుని క్షమాపణ అడిగాడు, ఆరో అధ్యాయంలో ఆమె కరిగిపోయింది. చదివిన స్నేహితురాలు ఒకటే అడిగింది: "వాళ్ళ నాన్న చనిపోయాడు కదా, అంత తేలిగ్గా ఎలా క్షమించేసింది?" నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటూ పోతే దొరికిన సంగతి ఇది: ద్రోహం ఏ నాణెంతో జరిగిందో ఆ బాకీ అదే నాణెంతో తీరాలి. కింద చెప్పే అడుగులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

చెప్పేది స్పష్టంగా ఉండడానికి ఒక ఊహా కథ పెట్టుకుందాం. కొండల మీద మంచుకోన రాజ్యం, సముద్రం పక్కన ఉప్పునేల రాజ్యం. నది మంచుకోనలో పుట్టి ఉప్పునేల దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఉప్పునేల యువరాణి యామినికి ఒక శక్తి ఉంది. నీళ్ళలో చెయ్యి పెడితే ఆ నీళ్ళ దగ్గర ఎవరు ఏం మాట్లాడారో ఆమెకి వినిపిస్తుంది. విన్న ప్రతిసారీ ఆమె సొంత జ్ఞాపకం ఒకటి చెరిగిపోతుంది. ఏది పోతుందో ఆమె చేతుల్లో లేదు. మంచుకోన చిన్న యువరాజు విరాజ్ సంధి మాటల కోసం వచ్చి ఆమెతో ప్రేమలో పడ్డాడు. ఒక రాత్రి ఆమె నమ్మి ఒక రహస్యం చెప్పింది: ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గితే కోటగోడ కింద మనిషి పట్టేంత తూము బయటపడుతుందని. మంచుకోన రాజైన అన్న తమ చెల్లెల్నే బంధించి బెదిరిస్తే, విరాజ్ ఆ మాట అన్నకి చెప్పేశాడు. కొండ మీద, నది ఒడ్డున చెప్పాడు. సైన్యం తూములోంచి వచ్చింది. యామిని తండ్రి ఆ రాత్రే చనిపోయాడు. ఆమె తప్పించుకుని నది దాటుతూ నీళ్ళలో చెయ్యి పెడితే, పైనుంచి కొట్టుకొచ్చిన విరాజ్ గొంతు వినిపించింది. మొదటి భాగం అక్కడ ఆగింది.

మొదటి అడుగు: మొదటి భాగాన్ని అప్పుల చిట్టాలా చదవండి

మీ పుస్తకమే కదా, అంతా గుర్తుందిలే అనుకోకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవండి. గాయం ఎడమ భుజానికా కుడి భుజానికా, కోట నుంచి నదికి ఎంత దూరం, ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారు లాంటి వివరాలు ఒక చోట రాసుకోండి. ఇది విసుగు పుట్టించే పనే, కానీ ఒక్కసారి చేస్తే చాలు.

అసలు పని "ఎవరికి ఏం తెలుసు" అనే పట్టిక. ద్రోహం కథలో ఇంతకంటే విలువైన కాగితం లేదు. తూము సంగతి ఎవరెవరికి తెలుసు? తండ్రికి, దాన్ని కట్టిన మేస్త్రీకి, యామినికి, విరాజ్‌కి, అతని అన్నకి. ఉప్పునేల జనానికి ఏం తెలుసు? శత్రువు తూములోంచి వచ్చాడని తెలుసు. ఆ సంగతి శత్రువుకి ఎలా చేరిందో మాత్రం తెలియదు. ఈ పట్టిక వేసినప్పుడే నాకు తట్టింది: ముందు నోరు జారింది యామిని. ప్రేమతోనే చెప్పింది, అయినా రాజ్యరహస్యం చెప్పింది. అంటే విరాజ్‌ని క్షమించాలా వద్దా అని తేల్చాల్సిన మనిషే, తన ప్రజల ముందు క్షమాపణ అడగాల్సిన మనిషి కూడా. రెండో భాగం మొత్తానికీ ఈ ఒక్క మెలిక చాలు. మీ కథలోనూ ఇలాంటిది ఎక్కడో ఉంటుంది. పట్టిక వేస్తే బయటపడుతుంది.

రెండో అడుగు: కథని నడిపే ప్రశ్న మార్చండి

మొదటి భాగంలో పాఠకుడి ప్రశ్న "వీళ్ళిద్దరూ కలుస్తారా?" రెండో భాగంలో అదే ప్రశ్న పట్టుకుంటే పాత కథే మళ్ళీ నడుస్తుంది. ఇప్పుడు అడగాల్సింది "అతన్ని నమ్మితే ఆమె మళ్ళీ ఎవర్ని పోగొట్టుకుంటుంది?" అని. ప్రేమ ఉందా లేదా అన్నది ఇక సమస్య కాదు. ప్రేమ ఉన్నా కూడా నమ్మొచ్చా అన్నదే సమస్య.

రెండు భాగాల మధ్య ఎంత కాలం గడవాలి? మర్నాడే మొదలుపెడితే కోపం పచ్చిగా ఉంటుంది, కానీ ఆలోచించే వ్యవధి ఎవరికీ ఉండదు. ఐదేళ్ళు దాటితే గాయం మీద పొర కట్టేస్తుంది. నా లెక్కలో ఏడాదిలోపు మంచిది. ఈలోపు యామిని సైన్యం కూడగట్టుకుని ఉంటుంది, విరాజ్ చేసిన పనికి ఫలితం ఏమిటో కళ్ళారా చూసి ఉంటాడు. ఆ ఏడాదిలో ఇద్దరూ ఏం చేశారో మీరు మాత్రం మూడు నాలుగు పేజీలు రాసుకోండి. అవి నవలలోకి రాకపోయినా ఫర్వాలేదు.

మూడో అడుగు: ద్రోహాన్ని తూకం వేయండి

హీరో చేసింది ఎంత పెద్ద తప్పు? దీనికి ముందు రచయిత నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. చేసేటప్పుడు దాని ఫలితం అతనికి తెలుసా? వేరే దారి ఉందా? నష్టం ఎవరు మోశారు? అతనికి ఏం దక్కింది? విరాజ్ విషయంలో: సైన్యం వస్తుందని తెలుసు, రాజు చనిపోతాడని అనుకోలేదు. వేరే దారి ఉంది, యామినికే వచ్చి చెప్పి ఉండొచ్చు. నష్టం మోసింది ఉప్పునేల మొత్తం. అతనికి దక్కింది చెల్లెలి ప్రాణం.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రెండో భాగానికి వచ్చేసరికి హీరో మీద జాలి పుట్టి, "నిజానికి ఆ రహస్యం చెప్పింది అతను కాదు, ఇంకెవరో" అని ట్విస్ట్ ఇస్తారు. దయచేసి అలా చేయకండి. మొదటి భాగం చదివి కన్నీళ్ళు పెట్టుకున్న పాఠకులని అది మోసం చేయడమే. ద్రోహం జరగలేదని తేలితే ప్రాయశ్చిత్తానికి చోటే ఉండదు, మిగిలేది అపార్థం కథ. అతనే చేశాడు, తెలిసే చేశాడు. కారణం ఉండొచ్చు. కారణం తెలిస్తే పాఠకుడికి అతను అర్థమవుతాడు, అంతే. బాకీ మాత్రం అలాగే ఉంటుంది.

ఆ తర్వాత నాణెం ఏదో గుర్తించండి. విరాజ్ కత్తితో ద్రోహం చేయలేదు, డబ్బుతో చేయలేదు. నమ్మి చెప్పిన రహస్యాన్ని వాడుకున్నాడు. కాబట్టి అతని నాణెం రహస్యం. మీ హీరో సాక్ష్యం తారుమారు చేసి ఉంటే నాణెం సాక్ష్యం. అవసరానికి రాకుండా మొహం చాటేసి ఉంటే నాణెం రాక. దీన్ని ఒక కాగితం మీద రాసి, రాసుకునే బల్ల దగ్గర అంటించుకోండి.

నాలుగో అడుగు: యుద్ధానికి కడుపు, కాళ్ళు ఇవ్వండి

రొమాన్స్‌లో యుద్ధం అనగానే వెనక ఎక్కడో కత్తుల చప్పుడుగా వదిలేస్తాం. అలా వదిలేస్తే ప్రేమికుల నిర్ణయాలకీ బరువు ఉండదు. ముందు, రెండు రాజ్యాలు దేనికోసం కొట్టుకుంటున్నాయో చేత్తో పట్టుకోగలిగే వస్తువు పేరుతో చెప్పండి. మంచుకోన చేతిలో నీళ్ళున్నాయి, ఉప్పు లేదు. ఉప్పునేల చేతిలో ఉప్పూ రేవులూ ఉన్నాయి, నది పైభాగం లేదు. ఇద్దరికీ న్యాయమైన కోరికే ఉండాలి. ఒక పక్క రాక్షసులు, ఇంకో పక్క దేవుళ్ళు అయితే హీరో పక్షం మారడంలో బాధ ఏముంటుంది?

తర్వాత చిన్న లెక్క వేయండి. పదివేల మంది కాల్బలం, రెండువేల గుర్రాలు అనుకుందాం. మనిషికి రోజుకు కిలో ధాన్యం అంటే 10 టన్నులు. గుర్రానికి దాణా, గడ్డి కలిపి 10 కిలోలు అనుకుంటే ఇంకో 20 టన్నులు. ఎడ్లబండికి అర టన్ను చొప్పున ఒక్క రోజు తిండికే 60 బండ్లు కావాలి. ఆ ఎడ్లు కూడా తినాలి. ఇలాంటి సైన్యం మామూలు దారిలో రోజుకు 15, 20 కిలోమీటర్లు నడిస్తే గొప్ప, కొండదారిలో ఇంకా తక్కువ. ఇదంతా నవలలో పెట్టమని కాదు. కానీ శత్రువు కోటకి చేరడానికి పన్నెండు రోజులు పడుతుందని మీకు తెలిస్తే, ఆ పన్నెండు రోజులూ ప్రేమికుల మధ్య నడిచే కథకి గడియారం దొరుకుతుంది. అప్పుడు పేజీల్లో టెన్షన్ దానంతట అదే వస్తుంది.

చరిత్ర చదివితే ఊహ గట్టిపడుతుంది. 1687లో ఔరంగజేబు సైన్యం గోల్కొండ కోటని దాదాపు ఎనిమిది నెలలు ముట్టడించింది. వానలూ తిండి కొరతా ముట్టడించినవాళ్ళనే పీడించాయి, గోడలు మాత్రం లొంగలేదు. చివరికి లోపలి అధికారి అబ్దుల్లా ఖాన్ పణి లంచం తీసుకుని తలుపు తెరిపించడంతో కోట పోయింది. అదే రాత్రి అబ్దుర్ రజాక్ లారీ అనే సేనాని ఒళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. అతన్ని బతికించడానికి ఔరంగజేబే వైద్యులని పంపాడు. ఒకే కోట, ఒకే రాత్రి, ఒకే ఉప్పు తిన్న ఇద్దరు మనుషులు. నా దృష్టిలో ద్రోహం గురించి రాసే ప్రతి రచయితా ఈ రాత్రిని ఒకసారి మనసులో నడిచి రావాలి. తలుపు గడియ తీసిన చేతికి చెమట పట్టిందా? పక్కనున్న కాపలావాడితో ఏం చెప్పాడు?

పెళ్ళితో సంధి చేసుకునే కథ అయితే 1572 పారిస్ చూడండి. కాథలిక్కులకీ ప్రొటెస్టెంట్లకీ రాజీ కుదర్చాలని ఆగస్టు 18న ఫ్రాన్స్ రాజు చెల్లెలు, కాథలిక్ అయిన మార్గరెట్‌ని ప్రొటెస్టెంట్ అయిన నవార్ రాజు హెన్రీకి ఇచ్చి పెళ్ళి చేశారు. పెళ్ళికి వచ్చిన ప్రొటెస్టెంట్ పెద్దలని ఆరు రోజులకి, ఆగస్టు 24న, ఊచకోత కోశారు. కొత్త పెళ్ళికూతురు ఆ రోజు ఎటు నిలబడాలి? పెళ్ళి వల్ల యుద్ధమే మొదలైన సందర్భాలూ ఉన్నాయి. అహ్మద్‌నగర్ సుల్తాన్ తన కూతురు చాంద్‌బీబీని బీజాపూర్ అలీ ఆదిల్‌షాకి ఇచ్చి వియ్యమందాడు. అంతకుముందు అదే ఆదిల్‌షా, విజయనగరం రామరాయలతో చెయ్యి కలిపి అహ్మద్‌నగర్ మీదికి దండెత్తినవాడు. ఆ వియ్యంతో బలపడిన సుల్తానుల కూటమి 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధంలో రామరాయల్ని ఓడించి చంపింది. నిన్నటి మిత్రుడు ఎలా శత్రువవుతాడో, నిన్నటి శత్రువు ఎలా అల్లుడవుతాడో ఇంతకంటే బాగా ఎక్కడ దొరుకుతుంది?

ఐదో అడుగు: ప్రాయశ్చిత్తాన్ని మెట్టుమెట్టుగా కట్టండి

ఇదే పుస్తకానికి గుండెకాయ, తొందరపడొద్దు.

ముందు హీరోకి తాను చేసింది పూర్తిగా తెలియాలి. "తప్పు చేశాను" అనుకోవడం వేరు, ఆ తప్పు ఎవరి ఇంట్లో ఎలా కూర్చుందో చూడడం వేరు. విరాజ్ మారువేషంలో ఉప్పునేల వచ్చాడనుకోండి. కోటగోడ దగ్గర కాపలా ఉన్న మనిషి ఆ రాత్రి చనిపోయాడు. అతని ఎనిమిదేళ్ళ కొడుకు ఇప్పుడు రోజూ ఆటు వేళకి వచ్చి తూము ముందు రాళ్ళు పేరుస్తున్నాడు. పెద్ద అల రాగానే అవి కొట్టుకుపోతాయి. మర్నాడు మళ్ళీ పేరుస్తాడు. విరాజ్ మాట్లాడకుండా వాడి పక్కన కూర్చుని రాళ్ళు అందిస్తాడు. ఇంత చిన్న సీన్ చేసే పని, పది పేజీల పశ్చాత్తాపం చేయలేదు.

తర్వాత ఒప్పుకోవడం. ఇక్కడ "కానీ" అనే మాట రాకూడదు. "తప్పే, కానీ మా చెల్లెలు..." అన్నాడంటే అది సంజాయిషీ. చెల్లెలి సంగతి ఆమెకి వేరే ఎవరి ద్వారానో తెలియనివ్వండి. తన కారణాన్ని దాచుకుని తప్పుని మాత్రమే చెప్పే మనిషి మీద పాఠకుడికి గౌరవం పుడుతుంది.

అప్పుడు బాకీ. ఎక్కువమంది హీరో చేత నాయిక ప్రాణాలు కాపాడిస్తారు. బాణానికి అడ్డం పడతాడు, ఆమె ఏడుస్తుంది, అయిపోయింది అంటారు. అది చాలదు. ప్రాణాలకి తెగించడం ధైర్యం, విరాజ్‌కి ధైర్యం మొదటి భాగంలోనూ ఉంది. పోయింది నమ్మకం. రహస్యం వాడుకుని పడగొట్టాడు కాబట్టి, తనని పడగొట్టగల రహస్యం ఆమె చేతిలో పెట్టాలి, ఏ షరతూ లేకుండా. మంచుకోన పైన కొండచెరువు ఉంది. మంచు కరిగే నెలలో దాని గట్టు ఒక చోట బలహీనపడుతుంది. ఆ గట్టు కింద అతని చెల్లెలు ఉండే ఊరు ఉంది. అది చెప్పేస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె అతని స్థానంలోకి వచ్చేస్తుంది: ఒక రహస్యం తెలుసు, వాడుకుంటే రాజ్యం దక్కుతుంది, అమాయకులు పోతారు. ఏం చేస్తుందో అని పాఠకుడు కనీసం మూడు అధ్యాయాలు ఎదురుచూడాలి.

హీరో చనిపోయి పాపం కడుక్కోవడం ఇంకో తేలిక దారి. చావు వల్ల కష్టమైన సంభాషణలన్నీ తప్పిపోతాయి, అందుకే రచయితకి అది ఆకర్షణీయంగా కనిపిస్తుంది. రొమాన్స్ పాఠకులు సుఖాంతాన్ని నమ్మి పుస్తకం చేతిలోకి తీసుకుంటారు. బతికుండి, రోజూ ఆ జనం మధ్య తిరుగుతూ, కొందరు ఎప్పటికీ పలకరించకపోయినా ఉండగలగడమే అతనికి అసలు పరీక్ష.

ఆ కొందరిని మర్చిపోకండి. యామిని క్షమించినంత మాత్రాన కాపలావాడి భార్య క్షమించాలని లేదు. తన తరఫున మాత్రమే యామిని క్షమించగలదు. నవల ముగిసేటప్పటికీ ఒక్కరైనా క్షమించనివాళ్ళు మిగలాలి, వాళ్ళని కథ చెడ్డవాళ్ళుగా చూపించకూడదు.

ఆరో అడుగు: పిలుపులతో దూరం చూపించండి

తెలుగులో రాసేవాళ్ళ చేతిలో ఒక గొప్ప పనిముట్టు ఉంది: "నువ్వు", "మీరు". మొదటి భాగంలో యామిని అతన్ని "నువ్వు" అనే పిలిచేది. రెండో భాగంలో మొదటిసారి ఎదురుపడగానే "మీరు" అంటుంది. అరుపులు అక్కర్లేదు, ఆ ఒక్క మర్యాదే చెంపదెబ్బ. కోపంతో "నువ్వు" అని నోరు జారిన చోట, ఇంకా లోపల ఏదో మిగిలే ఉందని పాఠకుడికి తెలిసిపోతుంది. మళ్ళీ ప్రేమగా "నువ్వు" అనే రోజు కోసం పుస్తకమంతా దాచిపెట్టండి. రహస్యం చేతులు మారే సీన్‌ని నేను ఇలా రాస్తాను:

దీపం కిందికి దిగింది. విరాజ్ మణికట్ల మీద తాడు ఒరుసుకున్న చారలు ఎర్రగా ఉన్నాయి. యామిని తాడు విప్పించి కాపలావాళ్ళని పంపేసింది. నీళ్ళచెంబు అతని ముందు పెట్టింది.

"తాగండి."

అతను తల ఎత్తలేదు. "నన్నెప్పుడూ మీరు అనలేదు."

"అప్పుడు మీరెవరో తెలుసనుకున్నాను."

చెంబు అందుకున్నాడు, తాగలేదు. నీళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాడు. గట్టు ఎక్కడ పలచబడుతుందో, ఏ నెలలోనో, కింద ఎన్ని ఊళ్ళున్నాయో. ఆఖరి ఊరి పేరు చెప్పేటప్పుడు గొంతు ఆగింది. చెప్పాక చెంబు ఆమె వైపు జరిపాడు.

ఆమె నీళ్ళలో చెయ్యి పెట్టలేదు. చెంబు మీద మూత పెట్టి, దాన్ని తీసుకుని బయటికి వెళ్ళిపోయింది.

ఇందులో "క్షమించు" అనే మాట లేదు, తాకడం లేదు. ఆ మూత చాలు. ఇంకో సంగతి గమనించండి: మాట్లాడే ముందు తాడు విప్పించింది. ఒకరు బందీగా, ఇంకొకరు యజమానిగా ఉన్నంతసేపు ప్రేమ సీన్ రాయకండి. కాదనే స్వేచ్ఛ లేని మనిషి ఔనన్నా ఆ మాటకి విలువ ఉండదు. ముందు ఇద్దరినీ సమానంగా నిలబెట్టి, తర్వాత దగ్గర చేయండి. దగ్గరైన మొదటిసారే అన్నీ సర్దుకోకూడదు కూడా. ముద్దు తర్వాత ఆమెకి తండ్రి గుర్తొచ్చి లేచి వెళ్ళిపోతే, ఆ రాత్రి పాఠకుడికీ నిద్ర పట్టదు.

ఏడో అడుగు: మాయతో అప్పు మాఫీ చేయకండి

ఫాంటసీలో పెద్ద ప్రలోభం ఇది. మన కథలో జ్ఞాపకాలు చెరిగిపోతాయి కదా, ద్రోహం జ్ఞాపకాన్నే చెరిపేస్తే? ఆమె మర్చిపోతుంది, మళ్ళీ ప్రేమిస్తుంది. చదవడానికి అందంగా ఉంటుంది, కానీ క్షమించే హక్కుని ఆమె నుంచి దోచుకున్నట్టే. మాయ యుద్ధాన్ని గెలిపించొచ్చు, దారులు తెరవొచ్చు. మనసు మార్చే పని దానికి అప్పగించకండి. కొత్త శక్తులు కూడా క్లైమాక్స్‌లో హఠాత్తుగా పుట్టకూడదు. మొదటి భాగంలో ఉన్న నియమాన్నే ఇంకా లోతుగా తవ్వండి. నీళ్ళు విన్న మాటని తిరిగి చెబుతాయి, ఆ మాట నిజమో అబద్ధమో చెప్పవు. అందుకే గట్టు గురించి విరాజ్ చెప్పింది నిజమా కాదా అని తేల్చడానికి ఆమె శక్తి పనికిరాదు. నమ్మాలి, లేదా వేగుల్ని పంపాలి. ఆమె వేగుల్ని పంపితే నేను సంతోషిస్తాను. తెలివైన రాణి అదే చేస్తుంది.

ఎనిమిదో అడుగు: మొదటి అధ్యాయంలో పాత కథ వాంతి చేయకండి

"ఏడాది కిందట విరాజ్ తనకి ద్రోహం చేసిన రాత్రి, తండ్రి మరణం, కోట పతనం యామినికి గుర్తొచ్చాయి" అని మొదలుపెడితే పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. ఇలా మొదలుపెట్టి చూడండి: "యామిని ఏడాదిగా నీళ్ళు తాగేముందు చెంబుకి గుడ్డ చుట్టుకుంటోంది." ఎందుకు? వేలు తగిలితే ఏం వినిపిస్తుందో అని భయం. పాతవాళ్ళకి ఒక్క వాక్యంలో అంతా గుర్తొస్తుంది, కొత్తవాళ్ళకి తెలుసుకోవాలనిపిస్తుంది. మిగిలిన వివరాలు అవసరం పడిన చోట ఒక్కొక్కటీ ఇస్తే చాలు. ఫ్లాష్‌బ్యాక్ తప్పనిసరి అనిపిస్తే, మొదటి భాగంలో చూపించని కోణం నుంచే చూపించండి: నది ఒడ్డున విరాజ్ నోరు విప్పడానికి ముందు ఎంతసేపు మౌనంగా ఉన్నాడో ఎవరూ చూడలేదు.

దృక్కోణం గురించి నా అభిప్రాయం: విరాజ్ మనసులోకి మొదట్లోనే వెళ్ళకండి. మొదటి మూడోవంతు యామిని కళ్ళతోనే నడిస్తే ఆమె అనుమానం పాఠకుడిది కూడా అవుతుంది. అతని అధ్యాయాలు తర్వాత మొదలైతే సరిపోతుంది.

తొమ్మిదో అడుగు: మలుపులని ఎక్కడ పెట్టాలి

ముప్పై అధ్యాయాల నవల అనుకుంటే, నాలుగో అధ్యాయంలోపు ఇద్దరూ ఎదురుపడాలి. పదో అధ్యాయం దగ్గర చెల్లెలి సంగతి ఆమెకి తెలియాలి. పద్నాలుగు పదిహేను దగ్గర గట్టు రహస్యం. అక్కడి నుంచి యుద్ధం దగ్గరపడుతుంది, ఇంకోపక్క తూము గుట్టు చెప్పింది యామినేనని ఉప్పునేలలో బయటపడుతుంది. ఇప్పుడు జనం ముందు నిలబడాల్సింది ఆమె. "కానీ" లేకుండా ఒప్పుకోవడం ఎలాగో ఆమెకి విరాజ్‌ని చూసే తెలిసింది. ఈ సీన్‌కి పూర్తి అధ్యాయం ఇవ్వండి.

క్లైమాక్స్‌లో యుద్ధమూ ప్రేమా ఒకే నిర్ణయం మీద నిలబడాలి. మన కథలో అన్న ఆఖరి దాడికి ఏ దారి ఎంచుకున్నాడో తెలియాలంటే యామిని నదిలో రెండు చేతులూ పెట్టి చాలాసేపు వినాలి. ఎన్ని జ్ఞాపకాలు పోతాయో తెలియదు. విరాజ్ చేసిన ద్రోహమూ పోవచ్చు. అందుకని ముందురాత్రి ఆమె జరిగినదంతా తన చేత్తో కాగితం మీద రాస్తుంది. మడిచి విరాజ్‌కే ఇస్తుంది: "నేను మర్చిపోతే ఇది నాకు చదివి వినిపించండి."

ఆ కాగితం చించేస్తే అతనికి కొత్త జీవితం ఉచితంగా దొరుకుతుంది. ఎవరికీ తెలియదు. మళ్ళీ ఆమె రహస్యం అతని చేతిలో ఉంది, సరిగ్గా మొదటి భాగంలో ఉన్నట్టే. యుద్ధం ముగిశాక ఆమె అతన్ని చూసి మొదటి రోజుల్లోలాగా నవ్వుతుంది, ఏమీ గుర్తులేదు. అతను జేబులోంచి కాగితం తీస్తాడు. చదువుతాడు, తండ్రి చనిపోయిన వాక్యం దగ్గర ఆగకుండా, చివరిదాకా. ఆమె విని చాలాసేపు మాట్లాడదు. తర్వాత అడుగుతుంది: "ఇది నువ్వే చదివావా?"

ఆ "నువ్వు" కోసమే ఇన్ని అధ్యాయాలు ఆగాం. మీ కథలో కాగితం ఉండకపోవచ్చు. మొదటి ద్రోహం జరిగిన పరిస్థితిని మళ్ళీ అలాగే సృష్టించి, ఈసారి అతన్ని వేరే దారి ఎంచుకోనివ్వండి.

రాజ్యాల మధ్య సంధికి ఒక్క పేరా చాలు, కానీ అందులో లెక్కలుండాలి. ఏ నెలలో ఎన్ని రోజులు నీళ్ళు వదలాలి, ఎన్ని బండ్ల ఉప్పు కొండెక్కాలి, తూము తాళం ఎవరి దగ్గర ఉండాలి.

పదో అడుగు: దిద్దుబాటు

డ్రాఫ్ట్ పూర్తయ్యాక రెండు వారాలు పక్కన పెట్టండి. తర్వాత మూడు విడతలుగా చదవండి. ఒకసారి విరాజ్ మాటలు మాత్రమే. ప్రతి "కానీ"కీ గీత పెట్టి, అవసరమా అని అడగండి. ఇంకోసారి "నువ్వు", "మీరు" మాత్రమే చూడండి, ఎక్కడ మారిందో, ఎందుకు మారిందో మార్జిన్‌లో రాయండి. కారణం రాయలేకపోతే అది పొరపాటున మారినట్టు. మూడోసారి రోజులు లెక్కపెట్టండి: సైన్యం ఎక్కడుంది, ఉత్తరం ఎప్పుడు చేరింది, చంద్రుడు ఏ దశలో ఉన్నాడు. ఆటుపోట్లతో నడిచే కథలో పౌర్ణమి, అమావాస్యల దగ్గరే నీళ్ళు బాగా వెనక్కి తగ్గుతాయి. తూము బయటపడిన రాత్రి ఆకాశంలో సగం చంద్రుణ్ణి పెట్టారేమో చూసుకోండి.

చివరిగా ఇద్దరికి చదవడానికి ఇవ్వండి. ఒకరు మొదటి భాగం చదివినవాళ్ళు, ఇంకొకరు చదవనివాళ్ళు. చదవనివాళ్ళని "ఎక్కడ అర్థం కాలేదు?" అని అడగండి. చదివినవాళ్ళని మాత్రం "ఏ పేజీలో అతన్ని క్షమించావు?" అని అడగండి. ఆ పేజీ యామిని క్షమించిన పేజీకి కాస్త ముందు ఉంటే సరిగ్గా కుదిరింది. బాగా తర్వాత ఉంటే, ఆమె తొందరపడింది. వెనక్కి వెళ్ళి ఐదో అడుగులో రాళ్ళు పేర్చే కుర్రాడి దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.